మిద్దె తోటకు తేనెటీగలు, తుమ్మెదలు, సీతాకోకచిలుకలు రావాలంటే: మన నేల మొక్కలు ఏవి, ఎలా పెంచాలి?

హనుమకొండ_మిద్దె · మే 19, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. మిద్దె 20 అడుగులకు 30 అడుగులు. దక్షిణం, పడమర పూర్తిగా ఎండ, ఉత్తరాన వాటర్ ట్యాంకు నీడ. కింద గేటు పక్కన నాలుగడుగుల వెడల్పున కాస్త మట్టి నేల ఉంది. పైన బీర, సొర, టమాటా, వంగ పెట్టాను. పూత బాగానే వస్తోంది, పిందె నిలవడం లేదు. మన ప్రాంతపు మొక్కలు పెడితే తేనెటీగలు వస్తాయంటున్నారు. నర్సరీలో అడిగితే పెటూనియా, సాల్వియా చూపిస్తున్నారు. తొలకరి లోపు సిద్ధం కావాలి. ఏ మొక్కలు పెట్టాలి, ఎంత కుండీ, ఏ మట్టి, విత్తడం ఎలా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

ఎర్రచెల్క · మే 19, ఉదయం 8:15

సరైన సమయానికి అడిగారండి. రోహిణి కార్తెలో మట్టి కలిపి పెట్టుకోండి. మృగశిరలో మొదటి వాన పడగానే విత్తితే సగం పని వానే చేసిపెడుతుంది.

ముందు మట్టి సంగతి. మన మొక్కలు మిద్దె మీద చచ్చిపోయేది ఎక్కువగా ఎరువు వల్లే. కూరగాయలకు కలిపే సగం కంపోస్టు, సగం కోకోపీట్ మిశ్రమం తంగేడుకు, తుమ్మికి పనికిరాదు. ఆకు గుబురుగా వస్తుంది, పూత తగ్గుతుంది, ముసురు పట్టినప్పుడు వేరు కుళ్ళుతుంది. మూడు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. ప్రతి కుండీకి అడుగున వేలు దూరేంత రంధ్రాలు నాలుగు ఉండాలి, వాటి మీద పెంకులు బోర్లించాలి. ఏడాదికి ఒకసారి, వానలకు ముందు, రెండు పిడికిళ్ళ ఎరువు పైన వేస్తే చాలు. యూరియా జోలికి పోవద్దు.

తంగేడు: గింజ తోలు చాలా గట్టిది, ఉన్నదున్నట్టు విత్తితే నెలల తరబడి మొలవదు. గరుకు కాగితం మీద రెండు మూడు సార్లు రుద్ది, మరిగించి దించిన నీళ్ళు రెండు నిమిషాలు ఆగాక గింజల మీద పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు ఉబ్బినవే విత్తాలి, ఉబ్బనివాటిని మళ్ళీ రుద్దాలి. లోతు ఒక సెంటీమీటరు. వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. తల్లివేరు నిట్టనిలువునా దిగుతుంది కాబట్టి నారు పోసి పీకి నాటొద్దు. 15 అంగుళాల గ్రో బ్యాగులోనే మూడు గింజలు పెట్టి, జానెడు ఎత్తు వచ్చాక ఒకటి ఉంచి మిగతా రెండు మొదట్లో కత్తెరతో కోసేయండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. నీళ్ళు పైమట్టి ఆరాకే. మీకు గేటు పక్క నేల ఉంది కాబట్టి ఒకటి అక్కడ పెట్టండి, ఇంకా మంచిది.

గునుగు: నల్లగా మెరిసే సన్నని గింజ. ఇసుకలో కలిపి చల్లి, పైన మట్టి కప్పకుండా చేత్తో అదిమితే చాలు. మొక్కకూ మొక్కకూ జానెడు దూరం ఉండేలా పలచన చేయాలి. ఒకసారి పెడితే మరుసటి ఏడు అదే వస్తుంది, పక్క కుండీల్లోకీ వస్తుంది. బతుకమ్మకు కోసేటప్పుడు అన్నీ కోయకుండా నాలుగు వెన్నులు వదిలేయండి.

తుమ్మి: వినాయక చవితినాడు కూర వండుకునే తుమ్మే. 8 అంగుళాల లోతు కుండీ చాలు. ఎక్కడైనా లేత మొలకలు కనబడితే రెండాకుల దశలో మట్టిగడ్డతో సహా తెచ్చి నాటుకోవచ్చు, ముదిరితే బతకదు. పూలు చిన్నవే. కానీ పొద్దున ఎనిమిదింటికి ఆ తెల్ల గుత్తుల దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే మీ వీధిలో ఎన్ని రకాల ఈగలు (తేనెటీగ జాతివి) తిరుగుతున్నాయో తెలిసిపోతుంది.

వావిలి: మీ జాబితాలో ఇది తప్పనిసరి. పెన్సిల్ లావు ముదురు కొమ్మ, జానెడు పొడవు, మూడు కణుపులుండేలా ఏటవాలుగా కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా వానాకాలంలో గుచ్చితే వేరు పడుతుంది. 18 అంగుళాల టబ్బు కావాలి. కొత్త చిగురు మీదే పూస్తుంది. అందుకే ఒక విడత పూత అయిపోగానే కొమ్మల్ని మూడో వంతు కత్తిరిస్తే మళ్ళీ పూస్తుంది.

తుమ్మెదరెక్క · మే 19, ఉదయం 11:30

ఎర్రచెల్క గారి జాబితా బాగుంది. దానికి ఒక ముఖ్యమైన సంగతి కలపాలి. ఏ పువ్వు ఏ పురుగుకో తెలియకుండా పెడితే "తంగేడు పెట్టాం, తేనెటీగ ఒక్కటీ వాలలేదు" అని నిరాశపడతారు.

తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. అదీ విప్పారిన కేసరాల మీద కాదు, గొట్టం లాంటి కేసరం లోపల. కొసన చిన్న రంధ్రం, అంతే. నల్ల తుమ్మెద వచ్చి, పువ్వు మధ్యలో ఉన్న పొట్టి కేసరాలను కాళ్ళతో గట్టిగా పట్టుకుని, రెక్కలు కదపకుండా ఒళ్ళంతా ఝుమ్మని అదిరిస్తుంది. ఆ అదురుకు పొడి చిమ్ముతుంది. పొట్టి కేసరాల పొడి తుమ్మెద తిండికి. కింద వంకీ తిరిగి ఉన్న పొడవాటి కేసరాల పొడి దాని ఒంటికి, కాళ్ళకు అందని చోట అంటుకుని, తర్వాతి పువ్వుకు చేరుతుంది. దగ్గరగా నిలబడితే ఎగిరేటప్పటి మోత వేరు, పువ్వు పట్టుకున్నప్పటి మోత వేరు అని చెవికే తెలుస్తుంది.

మీ టమాటా, వంగ పువ్వులదీ ఇదే పద్ధతి. పట్టు పెట్టి తేనె కూర్చే తేనెటీగలకు ఈ అదిరించే పని రాదు. తుమ్మెదలు, నీలి చారల ఈగలు చేస్తాయి. నీలి చారల ఈగ తేనెటీగంత సైజులో, నల్ల పొట్ట మీద మెరిసే నీలి పట్టీలతో ఉంటుంది. ఒక్కచోట నిలవదు. తుమ్మి, తులసి, డిసెంబరాల మీద బాగా కనిపిస్తుంది. కాబట్టి టమాటా కాయాలంటే టమాటా పక్కన తుమ్మి, తులసి, తంగేడు పెట్టడంలో అర్థం ఉంది. ఉత్త బంతిపూలు పెడితే ఆ పని జరగదు.

ఇంకొకటి, జనుము. పచ్చిరొట్ట ఎరువుకు చల్లే మామూలు జనుమే. విత్తనాల దుకాణంలో కిలోల లెక్కన దొరుకుతుంది. 12 అంగుళాల బ్యాగులో ఆరు గింజలు. రెండు నెలల లోపే పసుపు పూలు. తుమ్మెదల బరువుకే విచ్చుకునే పువ్వు అది. పూత అయ్యాక కోసి అదే మట్టిలో కలిపేస్తే నత్రజని కూడా దక్కుతుంది. 20 రోజులకొక బ్యాగు చొప్పున విత్తుకుంటూ పోతే దీపావళి దాకా పూలుంటాయి.

బీరపాదు · మే 19, మధ్యాహ్నం 2:05

పిందె రాలడం అన్నారు కదా, దానికి కారణం ముందు తేల్చుకోండి. అన్నీ తేనెటీగల లోటు కాదు.

పాదుకు పూత మొదలైన తొలి రెండు వారాలు పూసేవి చాలావరకు మగపూలే. అవి రాలడం సహజం. ఆడపువ్వు కింద బుల్లి కాయ ఉంటుంది. ఆ బుల్లి కాయ కొసన పసుపు తిరిగి, మెత్తబడకుండా ముడుచుకుని మూడు నాలుగు రోజుల్లో రాలితే పరాగసంపర్కం జరగలేదని అర్థం. పిందె మీద సూదితో పొడిచినట్టు చుక్క, దాని మీద జిగురు బొట్టు, కోస్తే లోపల సన్నని తెల్ల పురుగులు ఉంటే అది పండు ఈగ. దానికి క్యూ లూర్ (మగ పండు ఈగలను లాగే వాసన) ఎర బుట్ట ఒకటి కట్టండి, మందు కొట్టకండి. పిందె కొన్ని కుండీల్లోనే రాలుతూ, ఆకు మధ్యాహ్నం వాడుతుంటే నీళ్ళ ఎద్దడి.

బీర, సొర, పొట్ల సాయంత్రం విచ్చుకుంటాయి. సొర పువ్వు తెల్లగా ఉండేది రాత్రి చిమ్మటల కోసమే. మిద్దె మీద రాత్రంతా తెల్ల ఎల్‌ఈడీ వెలుగుతుంటే చిమ్మటలు దాని చుట్టే తిరుగుతాయి, పువ్వు దగ్గరికి రావు. ఆరు దాటాక ఆ లైటు ఆర్పేయండి. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుని పది గంటలకల్లా ముడుచుకుంటుంది. దోస, కాకర పొద్దున పూస్తాయి.

ఈగలు అలవాటు పడేదాకా చేత్తో చేయండి. అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రెక్కలు తుంచేసి, మధ్యనున్న పొడి కాడను ఆడపువ్వు మధ్య భాగానికి మూడు వైపులా తాకించాలి. ఒక మగపువ్వు రెండు ఆడపూలకు సరిపోతుంది. టమాటాకు పొద్దున పదింటి ప్రాంతంలో పూగుత్తి కాడను బ్యాటరీ టూత్‌బ్రష్ వెనక భాగంతో రెండు సెకన్లు తాకిస్తే చాలు. అయితే మే ఎండల్లో పగలు 35 డిగ్రీలు దాటాక టమాటా పూత ఎన్ని తుమ్మెదలు వచ్చినా రాలుతుంది. ఆ లెక్క మొక్కల మీద వేయొద్దు.

ఈశ్వరితీగ · మే 19, రాత్రి 9:20

ఇప్పటిదాకా అందరూ పూల గురించే మాట్లాడారు. సీతాకోకచిలుకలు కావాలంటే పువ్వు సగమే. గుడ్లు పెట్టే ఆకు లేకపోతే అవి తేనె తాగి వెళ్ళిపోతాయి, మీ దగ్గర ఉండవు. ఒక్కో జాతికి ఒక్కో ఆకు, వేరేది పెడితే గొంగళి తినకుండా చస్తుంది.

నిమ్మ, కరివేపాకు, మారేడు మీద నిమ్మ సీతాకోకచిలుక. తొలి దశల్లో గొంగళి అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, తర్వాత ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రని కొమ్ము బయటికి తీసి ఘాటు వాసన వదులుతుంది, మనకేమీ కాదు. కుండీలో చిన్న కరివేపాకు మొక్కను ఐదారు గొంగళ్ళు వారంలో కొమ్మలు మిగిల్చి తినేస్తాయి. దానికి మందు కొట్టడం కాదు మార్గం. వంటకు ఒక మొక్క, వాటికి ఒక మొక్క పెట్టండి. వంట మొక్క మీద కనబడిన గొంగళిని ఆకుతో సహా రెండోదాని మీదకు మార్చండి. మొక్క నెలలోనే మళ్ళీ చిగురిస్తుంది.

జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్: నారింజ రెక్కలు, నల్ల అంచు, తెల్ల చుక్కలు. జిల్లేడు పూలకు తుమ్మెదలూ వస్తాయి. దాన్ని నేలలోనే పెట్టండి. పాలు కంట్లో పడితే ప్రమాదం, తుంచాక చేతులు కడగాలి, పిల్లలకు అందే చోట వద్దు. మొగ్గల మీద పసుపు పేనుబంక పడుతుంది. గొంగళ్ళు ఉన్న మొక్క కాబట్టి ఏమీ చల్లకండి, నీళ్ళ పైపుతో కొడితే రాలిపోతుంది.

చిత్రమూలం మీద జీబ్రా బ్లూ, ఆముదం మీద క్యాస్టర్, రత్నపురుష మీద టానీ కోస్టర్, తంగేడు మీద, రేల మీద లేత పసుపు-తెలుపు ఎమిగ్రెంట్లు. కూరకు పెంచే పావిలి, అదే గంగవాయిలి, దాని మీద డనైడ్ ఎగ్‌ఫ్లై గుడ్లు పెడుతుంది. అందుకే కూరకు కోసేటప్పుడు ఒక మూల వదిలేయమని నా మాట. గాడిదగడపాకు, ఈశ్వరి తీగ మీద కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ పెరుగుతాయి. ఈ రెండు మొక్కలూ మనుషులకు విషం. ఇంటి మందుగా వాడటానికి ఎవరికీ ఇవ్వకండి, మేకలు, దూడలు తిరిగే చోట పెట్టకండి.

గోదారిలంక · మే 20, ఉదయం 7:00

మా వైపు గట్ల మీద గడ్డిచేమంతి మీదే ఎక్కువ సీతాకోకచిలుకలు కనిపిస్తాయి. లంటానా మీద సరేసరి. ఇవి మన దేశపువి కావంటారు. మరి కళ్ళెదుట అన్ని పురుగులు వాలుతుంటే తీసేయమనడం న్యాయమేనా?

ఎర్రచెల్క · మే 20, ఉదయం 8:40

న్యాయమైన ప్రశ్న. రెండింటినీ ఒకే గాటన కట్టను. గడ్డిచేమంతి అమెరికా ఖండం నుంచి వచ్చినదే, కానీ పెరట్లో తనంతట తాను ఉంటే ఉండనివ్వండి, ముఖ్యంగా ఎండాకాలం. పనిగట్టుకుని నాటకండి, అంతే. లంటానా విషయంలో మాత్రం ఒప్పుకోను. పిట్టలు పండు తిని గింజల్ని అడవిదాకా మోస్తాయి. అడవిలో అది కమ్ముకున్న చోట కింద గడ్డి లేవదు, మన పొదలు లేవవు. తేనె ఇస్తుంది నిజమే, కానీ మన సీతాకోకచిలుకల గొంగళ్ళకు దాని ఆకు తిండి కాదు. ఒక మొక్క తేనెకు వంద మొక్కల ఆకు పోగొట్టుకోవడం అది. నర్సరీలో అమ్మే రంగురంగుల లంటానా కూడా వద్దు.

వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని వేరుతో పీకండి. దాని పుప్పొడి మనుషులకు తుమ్ములు, దద్దుర్లు తెస్తుంది.

నర్సరీలో కొనేటప్పుడు ఒక గుర్తు: ఒంటి రెక్క పువ్వు చూసి కొనండి. ముద్ద మందారం, ముద్ద నందివర్ధనంలో కేసరాలు రెక్కలుగా మారిపోయి ఉంటాయి. పొడి ఉండదు, తేనెకు దారి ఉండదు. ఒంటి రెక్క నందివర్ధనం రాత్రి వాసనకు చిమ్మటలను పిలుస్తుంది. దాని ఆకు, గన్నేరు ఆకు తినే పెద్ద ఆకుపచ్చ గొంగళి కనబడితే అది కూడా ఒక చిమ్మట పిల్లే, చంపకండి.

హనుమకొండ_మిద్దె · మే 20, సాయంత్రం 6:10

చాలా సంతోషం అందరికీ. రెండు సందేహాలు. నూరువరహాలు పెడదామంటే ఇక్కడ ఎవరింట్లో చూసినా ఆకు పసుపు తిరిగి ఉంటోంది, బోరు నీళ్ళు. ఇంకోటి, వానాకాలం సరే, ఏప్రిల్, మే నెలల్లో ఏం పూస్తుంది?

గోదారిలంక · మే 20, రాత్రి 8:00

నూరువరహాలు మా దగ్గర ఏ శ్రద్ధా లేకుండా పూస్తుంది. అక్కడ పసుపు తిరగడానికి కారణం బోరు నీళ్ళలోని సున్నం. మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకు పసుపు, ఈనెలు పచ్చగా ఉన్నాయంటే అదే. లీటరు నీళ్ళకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, కలిపిన వెంటనే సాయంత్రం ఆకు తడిసేలా చల్లాలి. వారం తేడాతో రెండు మూడు సార్లు. నిల్వ ఉంచితే తుప్పు రంగుకు మారి పనిచేయదు. పూల మీద పడనీయకండి, మచ్చలు పడతాయి. వాన నీళ్ళు ఒక డ్రమ్ము పట్టి దీనికే కేటాయిస్తే అసలు చల్లే పనే ఉండదు. పొడవు గొట్టం పువ్వు కాబట్టి పెద్ద రెక్కల సీతాకోకచిలుకలే దీనికి వస్తాయి, తేనెటీగల కోసమైతే దీని మీద ఆశ పెట్టుకోకండి.

సీమ_రేగు · మే 20, రాత్రి 9:45

ఎండాకాలం ఖాళీ గురించి నేను చెప్తాను, మా అనంతపురం వైపు అదే అసలు సమస్య.

మార్చి నుంచి మే దాకా ఈగలకు తిండి పెట్టేవి చెట్లు: వేప, కానుగ, మునగ, పొగడ. మీ వీధిలో కానుగ ఉంటే అదే పెద్ద బలం, కొట్టనివ్వకండి. గేటు పక్క నాలుగడుగుల నేలలో కరెంటు తీగలు లేకపోతే ఒక మునగ పెట్టండి. రెండు మీటర్ల ఎత్తులో తల తుంచితే పక్కకు గుబురవుతుంది, తుమ్మెదలకు పూలు అందుతాయి, మీకు కాయలు అందుతాయి.

మిద్దె మీద మే నెలకు మూడే దిక్కు: వావిలి, తులసి, సబ్జా. తులసికి వెన్ను రాగానే గిల్లేయడం మన అలవాటు. గిల్లకపోతే మొక్క ముదిరి ఆకు తగ్గుతుంది, గిల్లితే ఈగలకు పువ్వు లేదు. కోటలో పూజకున్న మొక్కను మీ పద్ధతిలోనే గిల్లుకోండి. వేరే కుండీల్లో నాలుగు పెట్టి, రెండింటిని ఈ పక్షం, రెండింటిని వచ్చే పక్షం గిల్లుతూ పోండి. ఎప్పుడూ రెండు పూతలో ఉంటాయి. కొమ్మకు ఒకే పట్టు పెట్టే చిన్న తేనెటీగకు తులసి వెన్నంటే ప్రాణం. సబ్జా గింజలు ఫిబ్రవరి చివర్లో చల్లితే ఏప్రిల్‌కు పూతకొస్తుంది. శీతాకాలంలో వేసిన కొత్తిమీర పూతకొచ్చాక పీకకుండా ధనియాలు అయ్యేదాకా వదిలేయండి. ఆ గొడుగు పూల మీద వాలే పూల ఈగల పిల్లలు పేనుబంకను తింటాయి, రెండు లాభాలు.

కుండీలు నల్లవి అయితే ఎండకు వేరు ఉడుకుతుంది. బయట గోనెసంచి చుట్టి, పొద్దున ఆరు లోపు నీళ్ళు పోయండి. మధ్యాహ్నం వాడిందని వేడి పైపులో నీళ్ళు పోయకండి, ఆ మొదటి చెంబు నీళ్ళు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి.

నీళ్ళ పళ్ళెం మరవొద్దు. మట్టి మూకుడులో గులకరాళ్ళు నింపి, రాళ్ళ తలలు పైకి తేలేలా నీళ్ళు. లోతు నీళ్ళలో ఈగలు పడి చస్తాయి. రెండు రోజులకోసారి పారబోసి రుద్ది కడిగితే దోమ పిల్లలు పెరగవు. పక్కనే ఇంకో మూకుడులో ఎర్రమట్టి తడిపి చిటికెడు ఉప్పు, గుప్పెడు పేడ కలిపి ఉంచితే మగ సీతాకోకచిలుకలు ఆ తడిని పీలుస్తాయి.

తుమ్మెదరెక్క · మే 21, ఉదయం 7:30

మందుల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇది తేలకపోతే పైన చెప్పినదంతా వృథా.

నర్సరీ మొక్కలకు ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటి మందులు మట్టిలో పోసి ఉండవచ్చు. ఇవి వేరు ద్వారా ఎక్కి పుప్పొడిలో, తేనెలో చేరతాయి, నెలల తరబడి ఉంటాయి. కడిగితే పోవు. అడిగి కొనండి, చెప్పలేకపోతే ఉన్న పూలన్నీ తుంచేసి, మట్టి మార్చి, కొత్త చిగురు మీద పూలు వచ్చేదాకా ఆ మొక్కను పక్కన ఉంచండి. గింజ, కొమ్మ నుంచి పెంచుకోమని ఇక్కడ అందరూ అంటున్నది ఇందుకే.

వేపనూనె సహజమైనదే కదా అని పూత మీద చల్లేస్తుంటారు. లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్ళు. అది కూడా సూర్యుడు దిగాక, పూలు లేని భాగానికే, గొంగళ్ళు లేని మొక్కకే. బీటీ పొడి (ఒక బాక్టీరియా నుంచి చేసే పురుగుమందు) కూడా సేంద్రియమేనంటారు. అది లద్దెపురుగునూ సీతాకోకచిలుక గొంగళినీ ఒకేలా చంపుతుంది. నిమ్మ, కరివేపాకు, జిల్లేడు ఉన్న మిద్దె మీద దాన్ని అసలు వాడకండి. పిండినల్లికి దూది, సబ్బునీళ్ళు, పాత టూత్‌బ్రష్ చాలు. జిగురు అట్టలు పూత సమయంలో తీసేయండి, ముఖ్యంగా నీలం రంగువి. చిన్న ఈగలు వాటికి అంటుకుని చస్తాయి.

ఈశ్వరితీగ · మే 21, ఉదయం 9:10

తుమ్మెదరెక్క గారి మాటకు నూటికి నూరుపాళ్ళూ మద్దతు. గూళ్ళ సంగతి కూడా మీరే చెప్పండి. బజారులో అమ్మే "బీ హోటల్" పెట్టెలు కొనాలా?

తుమ్మెదరెక్క · మే 21, మధ్యాహ్నం 12:40

కొననక్కర్లేదు. చాలావాటిలో గొట్టాలు పొట్టివి, రెండు వైపులా తెరిచినవి, కొన్ని ప్లాస్టిక్‌వి. ప్లాస్టిక్ గొట్టంలో చెమ్మ పట్టి పిల్లలు బూజు పట్టి చస్తాయి.

ఎండిన వెదురు బొంగులు తీసుకోండి. ఒక వైపు కణుపు మూసి ఉండాలి, లోపలి పొడవు 15 సెంటీమీటర్లు. ఆకు కత్తిరించే ఈగలకు లోపలి వెడల్పు 6 నుంచి 10 మిల్లీమీటర్లు. నోటి దగ్గర గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి, పీచు ఉంటే రెక్కలు చిరుగుతాయి. 20 బొంగులు కట్ట కట్టి, తూర్పు ముఖంగా, సజ్జా కింద వాన తగలని చోట, గాలికి ఊగకుండా బిగించి కట్టండి. కట్టిన తీగకు ఒకచోట గ్రీజు పూస్తే చీమలు ఎక్కవు. నోరు ఆకు ముక్కలతో మూసి ఉంటే లోపల పిల్లలున్నట్టు. మట్టితో మూసి ఉంటే కుమ్మరిపురుగు. అవీ గొంగళ్ళను పట్టి తోటకు మేలు చేసేవే. పిల్లలు బయటికి వచ్చాక పాత బొంగులు పారేసి కొత్తవి పెట్టండి, ఏళ్ళ తరబడి ఒకే బొంగు వాడితే పేలు, బూజు పేరుకుంటాయి.

నల్ల తుమ్మెదకు ఇంకా లావు బొంగు కావాలి, బొటనవేలు దూరేంత. పాదుల పందిరికి కట్టిన పాత వెదురు చాలు, దానికదే తొలుచుకుంటుంది. ఇంటి దూలాలు తొలుస్తుందని భయపడేవాళ్ళు దూలానికి రంగు వేసి, పక్కన రంగు లేని ఎండు కొయ్య ఒకటి ఉంచితే అటు పోతుంది.

నేలలో గూడు కట్టే ఈగలు చాలా ఉంటాయి, నీలి చారల ఈగతో సహా. మల్చింగ్ పేరుతో అంగుళం ఖాళీ లేకుండా ఆకులు, కోకోపీట్ కప్పితే వాటికి చోటుండదు. గేటు దగ్గర రెండడుగుల నేల ఏమీ కప్పకుండా, తవ్వకుండా, ఎండ తగిలేలా వదిలేయండి. మిద్దె మీదైతే పాత టబ్బులో ఎర్రమట్టి, ఇసుక సగం సగం తడిపి గట్టిగా దిమ్మిస కొట్టి, వాన పడని మూల పెట్టండి.

డల్లాస్_తోట · మే 21, రాత్రి 10:30

ఇక్కడ బతుకమ్మకు తంగేడు దొరకదు. ఇండియా నుంచి గింజలు తెచ్చి పెరట్లో వేస్తే ఇక్కడి ఈగలకూ ఉపయోగపడుతుందా?

ఎర్రచెల్క · మే 22, ఉదయం 6:30

వద్దండి. విత్తనాలు సరైన ధ్రువపత్రాలు లేకుండా దేశం దాటించడం నిషిద్ధం, పైగా డల్లాస్ చలికి తంగేడు తట్టుకోదు. మీ నేలకు మీ మొక్కలున్నాయి. మనకు జిల్లేడు ఎలాగో అక్కడ మోనార్క్ సీతాకోకచిలుకకు మిల్క్‌వీడ్ అలాగ. ఉత్తర టెక్సస్ నల్లమట్టికి గ్రీన్ మిల్క్‌వీడ్, యాంటిలోప్ హార్న్స్ అనే రెండు స్థానిక రకాలు సరిపోతాయి. గింజల్ని తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో నెల రోజులు ఉంచి విత్తాలి, లేదా నవంబరులో నేరుగా నేలలో వేస్తే చలికాలమే ఆ పని చేస్తుంది. ఎర్ర-పసుపు పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్ కొనకండి. చలి తక్కువగా ఉన్నచోట చలికాలంలోనూ చావకుండా ఉండి, దాని ఆకుల మీద మోనార్క్‌లకు సోకే పరాన్నజీవి పేరుకుపోతుంది. బతుకమ్మ వేళకు గ్రెగ్స్ మిస్ట్‌ఫ్లవర్ నీలం పూలు బాగా పూస్తాయి, వరసల్లో పేర్చడానికీ బాగుంటాయి.

హనుమకొండ_మిద్దె · మే 22, ఉదయం 8:00

మొత్తం 16 కుండీలకు చోటుంది. ఎలా సర్దుకోమంటారు? బరువు గురించి కూడా భయంగా ఉంది.

ఎర్రచెల్క · మే 22, ఉదయం 9:25

15 అంగుళాల బ్యాగు నిండా తడి మట్టి ఉంటే 50 కిలోలు దాటుతుంది. పెద్దవన్నీ కింద గోడ ఉన్న గీత మీద, పిట్టగోడ వెంబడే పెట్టండి, స్లాబు మధ్యలో వద్దు. కుండీ కింద ఇటుకలు పెట్టి రెండంగుళాలు ఎత్తండి, నీరు నిలవదు.

పడమర గోడకు వావిలి రెండు, తంగేడు రెండు. అవి సాయంత్రపు ఎండను కాచి, మిగతావాటికి నీడవుతాయి. దక్షిణాన టమాటా, వంగ వరసలో మధ్య మధ్య తుమ్మి మూడు, తులసి నాలుగు. ఒక్కో మొక్కను ఒక్కో మూల విడివిడిగా పెట్టకండి. ఒకే రకం మూడు నాలుగు పక్కపక్కన ఉంటే ఈగ దూరం నుంచి గుర్తుపట్టి ఒక్క రాకలో అన్నింటినీ చూసుకుని వెళ్తుంది. జనుముకు రెండు బ్యాగులు, అవి ఖాళీ అయ్యాక శీతాకాలం ఆవాలు, కొత్తిమీర. ట్యాంకు నీడలో డిసెంబరాలు రెండు. కొమ్మ ముక్కలు జూలైలో గుచ్చితే నవంబరుకు పూస్తాయి, సగం నీడ చాలు. మిగిలిన ఒకటి ఈగల మొక్క కాదు, గొంగళ్ళకు వదిలేసే రెండో కరివేపాకు. గునుగుకు వేరే కుండీ వద్దు, తంగేడు మొదట్లోనే చల్లండి. కింద నేలలో మునగ, జిల్లేడు, ఆ రెండడుగుల ఖాళీ మట్టి. విష్ణుక్రాంత, పునర్నవ, తుత్తురుబెండ అక్కడ వాటంతటవే మొలిస్తే పీకకండి. చిన్న ఈగలు వాటి మీదికి బాగా వస్తాయి.

మొదటి రెండు నెలలు పెద్ద సందడి కనబడదు. గునుగు, జనుము పూతకొచ్చాక ఆగస్టు నుంచి చూడండి.

హనుమకొండ_మిద్దె · మే 22, రాత్రి 7:50

అర్థమైంది. చివరిగా ఒకటి: గులాబీ ఆకుల అంచులు గుండ్రంగా, బిళ్ళలు కోసినట్టు కత్తిరించి ఉన్నాయి. పురుగు కనబడదు. ఏం చల్లాలి?

తుమ్మెదరెక్క · మే 22, రాత్రి 8:20

ఏమీ చల్లకండి. గొంగళి కొరికితే అంచు గజిబిజిగా ఉంటుంది, రెట్టలు ఉంటాయి. నాణెంలా నున్నగా కోసి ఉంటే అది ఆకు కత్తిరించే ఈగ. ఒక్కో ముక్క కోయడానికి దానికి కొన్ని క్షణాలే పడుతుంది, అందుకే కనబడదు. ఆ ముక్కలను మడిచి, పుప్పొడి పెట్టి, గుడ్డు పెట్టి గూడు మూస్తుంది. గులాబీకి నష్టం ఏమీ లేదు. కంది, జనుము పూలకు మంచి పనిమంతురాలు అది. మీ మిద్దె చుట్టుపక్కల ఇప్పటికే ఉందన్నమాట. వెదురు కట్ట ఈ ఆదివారమే కట్టేయండి, వానల దాకా ఆగొద్దు.